రేవు ఊళ్ళో కాఫీ ఎందుకు చెడింది

వెనక వాకిలి

హోటల్లోకి ముందు వాకిలి నుంచి వచ్చేవాడు గిరాకీ. వెనక వాకిలి నుంచి వచ్చేవాడిని నేను. బెంగళూరు చిక్కపేటలో ఒక కాఫీ పొడి అంగడిలో చేరేనాటికి నాకు మీసాలు సరిగా రాలేదు. మానుకునేనాటికి అవి తెల్లబడ్డాయి. మధ్యలో నేను చేసిన పని ఏమిటంటే గింజలు వేయించడం, చికోరీ కలపడం, హోటళ్ళకు పొడి అందించడం, వాళ్ళ కాఫీ తాగి బాగుందో లేదో మొహం మీద చెప్పడం. ఈ చివరిదే అసలు ఉద్యోగం. మిగతావి మిషన్లు కూడా చేస్తాయి.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు టై కట్టుకుని వస్తున్నారు. సంతోషం. కానీ వాళ్ళలో చాలామంది గల్లా పెట్టె పక్కన కూర్చుని, యజమాని తెప్పించిన కాఫీ తాగి, ఆయన చెప్పింది రాసుకుని వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. యజమానికి తెచ్చే కాఫీ ఎప్పుడూ బాగానే ఉంటుందయ్యా! మూల బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ముసలాయనకు ఏ కాఫీ వస్తుందో అది తాగాలి. వెనక్కి పోయి డికాక్షన్ ఎప్పుడు దింపారో చూడాలి. పాలు ఎప్పటినుంచి మరుగుతున్నాయో చూడాలి. వంటవాళ్ళ మొహం చూడాలి. వంట చేసే మనిషి దిగులుగా ఉన్న హోటల్లో మంచి కాఫీ నేను తాగలేదు.

నా జీతం గురించీ, హోదా గురించీ ఇక్కడ రాయను. రాసేంత గొప్పగా లేవు కూడా. ఒక ఊరు, ఒక హోటలు, ఒక ఎండాకాలం గురించి రాస్తాను. డెబ్బైల చివర్లో జరిగిన సంగతి. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. మంగళూరు దాటి పైకి పోతే వచ్చే చిన్న రేవు ఊరు అనుకోండి, చాలు.

చిక్కపేట పద్ధతి

మా యజమానిని అందరం సాహుకారు అనేవాళ్ళం. గొప్ప వ్యాపారి. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు కాఫీ అంటే రంగే. ఎక్కడి నుంచైనా ఫిర్యాదు వస్తే చాలు, "చికోరి జాస్తి కలిపి పంపించప్పా. నల్లగా దిగితే నోరు మూసుకుంటారు" అనేవాడు. చాలాచోట్ల నిజంగానే నోరు మూసుకునేవాళ్ళు. దాంతో అదే మందు అన్ని రోగాలకూ పనిచేస్తుందని ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. పై అధికారి తప్పు చేసి నష్టపోతే నేర్చుకుంటాడు. తప్పు చేసి లాభం పొందితే ఇక ఎవరూ మార్చలేరు. మీకూ ఇట్లాంటివాళ్ళు తగులుతారు.

చిక్కపేట గురించి ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అంతా దాని మీదే నడిచింది. మా అంగడి వెనక సందులో ఎదురెదురుగా రెండు హోటళ్ళు ఉండేవి. ఇద్దరికీ పొడి నేనే ఇచ్చేవాడిని. ఒకరి హోటల్లోంచి బయటపడి నేరుగా ఎదురుదాంట్లోకి పోకూడదు. సందు చివరిదాకా పోయి, బట్టల మూటలు మోసే హమాలీల మధ్య కాసేపు తచ్చాడి, అప్పుడు తిరిగి రావాలి. ఒకరోజు ఎండకు సొమ్మసిల్లిన ఎదురు హోటలాయన ఇవతలి హోటల్లోకి వచ్చి గ్లాసు నీళ్ళు అడిగాడు. దానికే ఎంత గలాటె అయిందో!

"దప్పికంట, దప్పిక! మా సాంబారు వాసన పట్టుకోను వచ్చినాడు. వంటింటి తలుపు మూయండ్రా!" అని ఇవతలాయన కేకలు.

ఆ మనిషి నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. హోటలు పెట్టినవాడు ఇంకో హోటలు గడప తొక్కకూడదు, తొక్కితే దొంగతనానికే అని మా వైపు అందరూ అనుకునేవాళ్ళు. నాకూ అది తప్పనిపించలేదు. అంతటా అంతేనేమో అనుకున్నాను.

రామకృష్ణప్ప

రామకృష్ణప్పది చిక్కపేటలో పాత తెలుగు కుటుంబం. తాతల నాటి చీరల అంగడి. ముగ్గురు అన్నల కింద చిన్నవాడు. గజంబద్ద పట్టుకుని నిలబడటం ఇష్టం లేక, తన వాటా తీసుకుని హోటలు పెడతానన్నాడు. అన్నలు పడీపడీ నవ్వారు. "పొయ్యి ముట్టించను రాదు, హోటలు పెడ్తాడంట హోటలు!" అని అంగట్లో గిరాకీల ముందే అన్నారు. నేను విన్నాను.

ఆయనకు వంట రాదన్నది నిజమే. కానీ భార్య నాగరత్నమ్మ చెయ్యి పడితే వట్టి చారు కూడా రెండోసారి అడిగేట్టు ఉండేది. ఆమె ధైర్యం చూసుకునే ఆయన దిగాడు. బెంగళూర్లో చోటు లేదని, రేవు పెరుగుతోందని ఎవరో చెబితే ఆ ఊరు వెళ్ళాడు. అక్కడ సముద్రానికి దగ్గరగా ఒక పెంకుటిల్లు అమ్మకానికి ఉంది. పెరట్లో నిండు బావి. అప్పటికి మాకు కావేరి నీళ్ళు కొళాయిల్లోకి వచ్చిన కొత్త. మా వీధుల్లో ఇంకా బిందెల వరసలు, బిందెల కోసం జుట్లు పట్టుకోవడాలు. అట్లాంటి చోట పుట్టి పెరిగిన మనిషి సొంత బావి చూస్తే ఏమవుతాడు? కరిగిపోయాడు. ఇల్లు ఎట్లా ఉందో కూడా సరిగా చూడకుండా కొనేశాడు.

వానలు తగ్గిన కొత్తల్లో హోటలు తెరిచాడు. మొదటి నెలల్లో బాగా నడిచింది. నాగరత్నమ్మ సాంబారు, రాగిముద్ద, శనగవిత్తనాల చట్నీ, మా కాఫీ. లారీ డ్రైవర్లు, రేవు గుమాస్తాలు వరస కట్టారు. ఎండలు ముదిరేసరికి గిరాకీ ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకరోజు సాహుకారుకు ట్రంక్ కాల్ వచ్చింది.

"నీ పొడి చెడిపోయి ఉండాది. కాఫీ నోట్లో పెట్టుకునేట్టు లేదు. వానలు పడేలోపల గిరాకి తిరిగి రాకపోతే నేను హోటలు మూసేసి మా అన్నల కాళ్ళ కాడికి రావాల్సిందే. నీకు పుణ్యం ఉంటాది, మంచి పొడి పంపించు" అన్నాడట.

సాహుకారు నన్ను పిలిచి, చికోరీ ఎక్కువ కలిపిన డబ్బా ఒకటి చేతికిచ్చి, "పొయ్యి ఇచ్చేసి రాప్పా. సుమ్నే, ఊరికే అక్కడ కూర్చోవద్దు" అన్నాడు. నేను ఆ డబ్బాతో పాటు, మామూలు పొడి డబ్బా కూడా ఒకటి సంచిలో వేసుకున్నాను. నేను కలిపిన పొడి చెడిందంటే నాకు నిద్రపట్టదు. ఏమిటో తేల్చుకునే తిరిగిరావాలని బస్సెక్కాను.

ఊరంతా తిన్నాను

రామకృష్ణప్ప హోటల్లో కాఫీ తాగాను. పొడి సంగతి పక్కన పెట్టండి, అది కాఫీయే కాదు. చప్పగా, జిగటగా, మింగాక నాలుక అంచున ఏదో మిగిలిపోయేది. మామూలు పొడితో నా చేత్తో నేనే డికాక్షన్ దింపాను. అంతే. పాలు మార్చి చూశాను. అంతే. సాహుకారు ఇచ్చిన నల్లపొడి వేశాను. ఇంకా ఘోరం.

రామకృష్ణప్ప మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. నాగరత్నమ్మ పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు.

ఇక నేను ఎప్పుడూ చేసే పని చేశాను. ఊళ్ళోకి పోయి తినడం మొదలుపెట్టాను. ఒక ఊరి కాఫీ తెలియాలంటే ఆ ఊళ్ళో అన్నిచోట్లా తినాలి. నేను అన్నీ తింటాను, అది ఈ ఉద్యోగంలో పెద్ద సౌకర్యం.

బస్టాండు పక్కన బోర్డు కూడా లేని గది ఒకటి. అక్కడ బన్స్ చేస్తారు. మగ్గిన అరటిపండు పిండిలో పిసికి, పూరీలాగా లావుగా నూనెలో వేస్తారు. లోపల మెత్తగా, తియ్యగా ఉంటుంది, పక్కన మంట పుట్టించే చట్నీ. తేరు వీధిలో ఒక ముసలాయన హోటలు. పనసాకులు కుట్టిన దొన్నెల్లో ఇడ్లీ ఉడికిస్తాడు. ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం కడుపు నిండుతుంది. ఆయన కూర్చోడు, ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి "సరిపోయిందా?" అని అడుగుతాడు. రేవు దగ్గర అన్నదమ్ములిద్దరి మెస్సు. అన్న వండుతాడు, తమ్ముడు వడ్డిస్తాడు. ఎర్రటి ఉప్పుడు బియ్యం అన్నం, మిరపకాయా కొబ్బరీ నూరి చేసిన బంగుడె చేపల పులుసు. మొదటిసారి ఆ లావు మెతుకులు చూసి "అన్నం ఉడకలేదే" అన్నాను. తమ్ముడు నవ్వి, "నమలండి సారూ, మీ ఊళ్ళో అన్నం మింగుతారు" అన్నాడు. కొబ్బరినూనె వాసనకు మొదట కొంచెం జంకాను. మా వైపు అది తలకు రాసుకునేది కదా. రెండో ముద్దకే ఆ జంకు పోయింది.

అన్నిచోట్లా కాఫీ అడిగాను. అన్నిచోట్లా బాగుంది. చేపల మెస్సులో కూడా బాగుంది! నా సంచిలోని మామూలు పొడి బస్టాండు గదిలో బన్స్ ఆయనకు ఇచ్చి, "దీంతో చేసి పెట్టు" అన్నాను. దించి ఇచ్చాడు. బెంగళూర్లో నేను కలిపిన వాసన, నేను కలిపిన చేదు. పొడి నిక్షేపంగా ఉంది.

అప్పుడు ఆ గది వెనక వాకిలి వైపు పోయి చూశాను. బావి ఉంది. పక్కనే మూత వేసిన పెద్ద ఇత్తడి అండా ఉంది. గిన్నెలు బావి నీళ్ళతో తోముతున్నారు, వంటకు అండాలోంచి ముంచుతున్నారు. తేరు వీధికి పోయి చూశాను. అక్కడా అంతే. మెస్సు వెనకా అంతే.

"ఈ నీళ్ళు ఎక్కడివి?" అని మెస్సు తమ్ముడిని అడిగాను.

"మెట్ట మీద సీతక్క బావివి. ఎండాకాలం ఊళ్ళో బావులన్నిట్లోకీ సముద్రం వస్తుంది కదా. వంటకు ఆ నీళ్ళే."

"మరి రామకృష్ణప్ప హోటలుకు?"

అతను భుజం మీది గుడ్డ తీశాడు. బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

రెండు గ్లాసుల నీళ్ళు

రామకృష్ణప్పకు చెబితే మండిపడ్డాడు. "నా బావి నీళ్ళా? మా అన్నలకు అంత ఆస్తి ఉండాది, ఒకరికైనా సొంత బావి ఉండాదా? నీ పొడి తప్పు కప్పిపుచ్చుకోను నా బావి మీదికి వస్తావేమప్పా!"

వాదించి లాభం లేదు. బస్టాండు గదిలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి, ఒక గ్లాసులో అవీ ఇంకోదాంట్లో ఆయన బావివీ పోసి, ముందు పెట్టాను. రోజూ తాగుతున్నవాడికి నీళ్ళు కొంచెం కొంచెంగా మారితే తెలియదు. పక్కపక్కన పెడితే పసివాడికైనా తెలుస్తుంది. ఆయన మెట్ట నీళ్ళు తాగాడు. తన నీళ్ళు తాగాడు. మళ్ళీ మెట్ట నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, తల పట్టుకుని కూర్చున్నాడు.

నాగరత్నమ్మ ఇక ఆగలేకపోయింది. "నేను చెప్తానే ఉండా కదా! పప్పు ఉడకడంలేదు, నీళ్ళు బాగలేవంటే, పప్పు పాతదంటావు. సోడా ఉప్పు వెయ్యమంటావు. ఆ సోడా వాసనకే సగం మంది పొయినారు."

"నువ్వు గట్టిగా చెప్పుండాల్సింది."

"ఇంకెంత గట్టిగా చెప్పేది? నీ బావి ముందర నా మాట ఎవురికి వినబడుతాది?"

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చిక్కపేటకు పోతే ఆయనకు అన్నల ముందు తలదించుకోవడం ఒక్కటే. ఆమెకు తోడికోడళ్ళ వంటింట్లో నలుగురిలో ఒకతెగా అంట్లు తోముతూ జీవితమంతా గడపాలి. ఈ హోటల్లో పొయ్యి ఆమెది. అది ఆమె చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం సాహుకారు ట్రంక్ కాల్ చేశాడు. "ఏమప్పా, అక్కడే సంసారం పెట్టినావా? పొడి ఇచ్చేసి రమ్మంటే!"

"పొడి తప్పు కాదు సాహుకారూ. నీళ్ళు."

"నీళ్ళయితే మనకేమి? మనం నీళ్ళు అమ్ముతామా? ఒక హోటలు పోతే ఇంకొకటి వస్తాది. రేపు బస్సెక్కు."

ఎక్కనన్నాను. ఆయన ఏమో అన్నాడు, లైను సరిగా వినబడలేదని చెప్పి పెట్టేశాను. పిల్లలారా, మీ మేనేజరుకు ఎదురు చెప్పమని నేను నేర్పడంలేదు. రోగం ఏమిటో తెలిశాక మందు ఇవ్వకుండా బస్సెక్కితే ఆ ఉద్యోగం ఎందుకు?

సీతక్క

మెట్ట దారి పక్కన కొబ్బరాకు పందిరి, రెండు బెంచీలు. అదే సీతక్క గంజి అంగడి. పందిరి వెనక ఎర్రరాతి బావి. కూలీలు, పడవలవాళ్ళు పొద్దున అక్కడే తింటారు. ఉప్పుడు బియ్యం గంజి, మిడిమామిడి అనే మామిడి పిందెల ఊరగాయ, కొబ్బరి చట్నీ. అంతే. ఆ ఊళ్ళో నాకు అన్నిటికన్నా నచ్చిన తిండి అదే. వేడి గంజి మధ్యలో ఊరగాయ కొరికితే చెవులు గుయ్‌మంటాయి.

సీతక్క అరవై దాటిన మనిషి. గట్టి గొంతు. ఆమె మాట్లాడింది కన్నడం, ఇక్కడ మన మాటలో రాస్తున్నాను. నేను గంజి తాగి, రామకృష్ణప్ప సంగతి చెప్పి, ఆయనకు కూడా రోజూ అండాడు నీళ్ళు ఇవ్వమని అడిగాను.

"ఎవరాయన?" అంది.

"అదేంటక్కా, ఇన్ని నెలలుగా మీ ఊళ్ళో హోటలు నడుపుతున్నాడు!"

"నా బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదే. తేరు వీధి అయ్యగారి దగ్గర తిన్నాడా? రేవు అన్నదమ్ముల దగ్గర తిన్నాడా? ఈ ఊళ్ళో ఎవరి అన్నమైనా తిన్నాడా?"

నేను ఖాళీ గిన్నె కింద పెట్టాను.

"ఆయన హోటలు తెరిచిన వారమే మేమందరం వెళ్ళాం," అంది. "మోకాళ్ళు నొప్పి, అయినా నేను కూడా మెట్ట దిగి వెళ్ళాను. ఇక్కడ కొత్తగా పొయ్యి పెట్టినవాళ్ళ దగ్గరికి ముందు పాతవాళ్ళం వెళ్ళి తింటాం. తరవాత వాళ్ళు మా దగ్గరికి వచ్చి తింటారు. అప్పుడు మాలో ఒకరవుతారు. ఏ బావి ఎప్పుడు చెడుతుంది, చేపలు ఎవరి దగ్గర కొనాలి, అన్నీ అప్పుడు చెబుతాం. మేము పోతే ఆయనేం చేశాడు? వంటింటి తలుపు వేయించాడు. రెండోసారి సాంబారు అడిగితే లేదనిపించాడు. గుండిగ నిండా ఉంది, తలుపు సందులోంచి నాకు కనబడుతూనే ఉంది!"

ఒక్కసారిగా నాకు చిక్కపేట సందు గుర్తొచ్చింది. దప్పికతో వచ్చినవాడి మొహం మీద మూసిన తలుపు. ఆమెకు ఆ సంగతి చెప్పాను. మా వైపు హోటలువాళ్ళు ఇట్లా ఉంటారని, ఆయనకు వేరే పద్ధతి తెలియదని. ఆమె చాలాసేపు విని, గంజి గరిటె కడుగుతూ అంది.

"తెలియకపోతే తెలుసుకోవాలి. ఎండాకాలం నా బావిలో నీళ్ళు కొంచెమే. ఆయనకు ఒక అండా ఇస్తే మిగతావాళ్ళు తలా కొంచెం తగ్గించుకోవాలి. వాళ్ళను అడగాల్సింది నేనూ కాదు, నువ్వూ కాదు."

వాళ్ళ ఆకుల ముందు

రామకృష్ణప్పకు ఈ మాట చెప్పడం నేను చేసిన ఉద్యోగమంతటిలోనూ కష్టమైన పని. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత మొహం తెల్లబోయింది.

"నేను వాళ్ళు దొంగచాటుగా రుచి పట్టుకోను వచ్చినారనుకున్నానప్పా. ఆ ముసలామెకు సాంబారు లేదనిపించింది నేనే. చెప్పమని సైగ చేసింది నేనే. ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని పొయ్యేది?"

"ఉండే మొగమే పెట్టుకుని పోవాల," అన్నాను. "వేరే ఏముండాది?"

"తిడ్తారు."

"తిట్టనీ. తిని రా."

"ఆ నూనె నాకు పడదు. తల తిరుగుతాది."

"తిరగనీ!"

నాగరత్నమ్మ లోపలి నుంచి ఉతికిన చొక్కా తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. "నువ్వు పోకపోతే నేను పోతా. పొయ్యి తిని, నీళ్ళు నేనే మోసుకొస్తా. ఆ పొద్దు నుంచి బోర్డు మీద నా పేరే రాయించు" అంది. ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

నేను వెంట నడిచాను కానీ ఏ చోటా నోరు విప్పలేదు. బస్టాండు గదిలో బన్స్ తిన్నాడు, అది కష్టం కాలేదు. తేరు వీధి ముసలాయన "సరిపోయిందా?" అని అందరినీ అడిగి, ఈయన బల్ల దగ్గరికి మాత్రం రాలేదు. రామకృష్ణప్పే లేచి వెళ్ళి, "నేను చేసింది తప్పు స్వామీ" అని చెప్పి, నీళ్ళ సంగతి అడిగాడు. ముసలాయన ఈయన ఖాళీ దొన్నె చూసి, "ఇంకో ఇడ్లీ తిను" అన్నాడు. అన్నదమ్ముల మెస్సులో కొబ్బరినూనె పులుసు కళ్ళు మూసుకుని తిన్నాడు. తమ్ముడు వడ్డిస్తూనే కడిగిపారేశాడు. "మమ్మల్ని దొంగలనుకున్నావు కదా? తిను, తిను, దొంగల చేతి కూడు!" ఈయన తల వంచుకుని ఆకులో ఒక్క మెతుకు మిగల్చలేదు. లేచేటప్పుడు అన్న వంటింట్లోంచి బయటికి వచ్చి, "సీతక్క ఒప్పుకుంటే మా అండాలో రెండు బిందెలు తగ్గించుకుంటాం" అన్నాడు.

మర్నాడు పొద్దున మెట్ట ఎక్కాం. సీతక్క పలకరించలేదు. గంజి పోసి, ఊరగాయ వేసి, చట్నీ మీద కొబ్బరినూనె తాలింపు పెట్టి, ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పడవలవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. ఆయన చట్నీ కలుపుకుని తాగాడు. మొహం ఎట్లా పెట్టాడో దాచలేకపోయాడు.

"పడలేదు కదా?" అంది ఆమె.

"పడలేదక్కా. నాకు ఆ నూనె ఎప్పుడూ పడదు."

"పడనిది ఎందుకు తింటున్నావు?"

రామకృష్ణప్ప గిన్నె కింద పెట్టలేదు. తన చిక్కపేట కన్నడంలో అన్నాడు. "నాకు ఈ ఊళ్ళో ఉండాలని ఉందక్కా. మా ఊరు తిరిగిపోవాలని లేదు. నా భార్యకు అసలే లేదు. మీకు సాంబారు లేదనిపించాను. గుండిగ నిండా ఉండింది. నాకు బుద్ధి లేదు. కొంచెం గంజి పొయ్యండి, ఇది అయిపోయింది."

ఆమె పోసింది. ఈసారి చట్నీ వెయ్యలేదు, ఊరగాయ ఇంకొకటి వేసింది. నా వైపు తిరిగి, "అండా ఒకటి కడిగి పెట్టుకోమను" అంది. పడవలవాళ్ళకు గంజి పొయ్యడానికి వెళ్ళిపోయింది. మెట్ట దిగుతుంటే రామకృష్ణప్ప బాహాటంగా ఏడ్చాడు. నేను ఆపలేదు.

ఉప్పు

ఇంత రాశాక ఒక మాట గట్టిగా చెబుతాను. సరుకు బాగాలేదని ఎవరైనా అంటే వెంటనే సరుకు మార్చి ఇచ్చేసి చేతులు దులుపుకోవద్దు. ఆ ఊళ్ళో కూర్చోండి, ఆ ఊళ్ళోనే తినండి. తిననివాడికి ఏ ఊరూ ఏదీ చెప్పదు. నేను బెంగళూరు తిరిగొచ్చాక సాహుకారు నాతో కొన్నాళ్ళు సరిగా మాట్లాడలేదు, పైగా ఆ వైపు ఊళ్ళు తిరిగే లైను ఇంకొకరికి ఇచ్చాడు. ఇవ్వనీ. మళ్ళీ అట్లాంటి పరిస్థితి వస్తే మళ్ళీ అట్లాగే చేస్తాను.

నేను బస్సెక్కే రోజునే మెట్ట నీళ్ళ బండి మొదటిసారి రామకృష్ణప్ప వెనక వాకిట్లో ఆగింది. నాగరత్నమ్మ తలస్నానం చేసి, అండాకు పసుపు కుంకుమ పెట్టి, పప్పు ఎసట్లో వేసింది. సోడా వెయ్యకుండానే పప్పు వెన్నలాగా ఉడికింది. నేను మామూలు పొడితో డికాక్షన్ దింపాను, చిక్కపేట వాసన వంటింటి నిండా పరుచుకుంది. వంటింటి తలుపు బార్లా తీసి, మూసుకోకుండా గోనెసంచి అడ్డం పెట్టాడు రామకృష్ణప్ప.

మధ్యాహ్నం వాళ్ళందరూ వచ్చారు. తేరు వీధి ముసలాయన, మెస్సు అన్నదమ్ములు, బస్టాండు బన్స్ ఆయన. చివర కర్ర పట్టుకుని సీతక్క. ఆమె వరసలో చివరి ఆకు ముందు కూర్చుంది. రామకృష్ణప్ప తానే అన్నం పెట్టి, సాంబారు పోసి, పక్కనే నిలబడ్డాడు.  నాగరత్నమ్మ తలుపు పక్కనుంచి తొంగి చూస్తోంది. సీతక్క ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. తలెత్తి, హోటలంతా వినబడేట్టు అంది.

"సాంబారులో ఉప్పు లేదమ్మా!"

రామకృష్ణప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ నాగరత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడుస్తోంది.

"ఇన్ని నెలలు ఆ ఉప్పునీళ్ళతో వండి వండి, నా చెయ్యి ఉప్పు వెయ్యడమే మరిచిపొయ్యిందప్పా!" అని నాతో చెప్పి, ఉప్పు గిన్నె తీసుకుని, తానే వడ్డించడానికి ముందుకు వెళ్ళింది.